గోడకు చెమట పట్టిన గది

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. పెద్దలకీ, పిల్లలకీ, ఉత్తరాలు తెచ్చే అతనికీ కూడా ఆమె పరదాలమ్మే. ఇంటి కింద మెట్ల పక్కనున్న గదిలో కుట్టుమిషను వేసుకుని ఊళ్లో సగం కిటికీలకు ఆమే బట్టలు తొడిగింది. "మనుషులకు కుట్టేవాళ్లు కోకొల్లలు. కిటికీలకు కుట్టేది నేనొక్కదాన్నే. కిటికీ లావెక్కదు, చిక్కదు, చంక దగ్గర పట్టేస్తోందని గుడ్డ వెనక్కి తేదు" అని నవ్వేది.

మాట ఎక్కువ, నవ్వు ఇంకా ఎక్కువ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా ఆపకుండా కబుర్లు చెప్పగల మనిషి. ఒక్క విషయంలో మాత్రం ఆమెతో వాదించి గెలిచినవాళ్లు లేరు. పరదా అంటే మందంగా ఉండాలి. లోపల అస్తరు ఉండాలి. నేలను తాకాలి. ఎవరైనా పలచటి గుడ్డ పట్టుకొస్తే రెండు వేళ్లతో ఎత్తి చూసి, "ఇది పరదాకా, పాలు వడకట్టుకోడానికా?" అని అడిగేది. వచ్చినవాళ్లు సిగ్గుపడి మందపాటి గుడ్డ కొనుక్కొచ్చేవాళ్లు.

భర్త సిటీ బస్సు డ్రైవరు. నిదానస్తుడు. ఇంట్లో మాట్లాడే అవకాశం ఎటూ రాదు కనక మౌనం అలవాటైపోయిందని స్నేహితులు ఆటపట్టించేవాళ్లు. కూతురికి ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లాక ఇంట్లో వెనక పడగ్గది ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే డ్రైవరుగారి తల్లి వాళ్ల దగ్గరికి వచ్చేయాల్సి వచ్చింది.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయిన మనిషి. అప్పటిదాకా ఎక్కడో మెరక ప్రాంతంలో, వాన పేరు విని నెలలు గడిచే ఎండు ఊళ్లో, చెల్లెలితో కలిసి ఉండేది. చెల్లెలు కొడుకు దగ్గరికి వెళ్లిపోవడంతో ఆవిడ ఒంటరిదైంది. "మన ఇల్లు ఉండగా అక్కడెందుకమ్మా" అని కొడుకు వెళ్లి తీసుకొచ్చాడు. ఇన్నేళ్లలో అత్తాకోడళ్లు ఒకచోట ఉన్నది ఏడాదికి నాలుగు రోజులు. అందుకని ఒకరంటే ఒకరికి బోలెడు గౌరవం, దాంతోపాటు బోలెడు మొహమాటం. అత్తగారికి ఉద్యోగంలో అబ్బిన గొంతు ఒకటి ఉండేది. ఎంత కోపంలో ఉన్నా తేనె పూసినట్టు, "దయచేసి ఒక్క నిమిషం" అనేది.

అత్తగారు వస్తున్నారని పరదాలమ్మ తన జన్మలో కుట్టనంత గొప్ప పరదా కుట్టింది. ముదురు నీలం మఖమల్. వెనక రెండు వరసల అస్తరు. పైకప్పు నుంచి నేలదాకా, ఈ గోడ నుంచి ఆ గోడదాకా. దాన్ని మూస్తే మిట్టమధ్యాహ్నం కూడా గదిలో చీకటి కమ్ముకునేది. కొడుకేమో తల్లి ఉక్కపోతకు తట్టుకోలేదని ఏసీ పెట్టించాడు. ఆ ఊరు సముద్రానికి దగ్గర. ఎండాకాలం ఎండే కాదు, వానాకాలం వేడి కూడా మనిషిని ఉడకబెట్టేస్తుంది.

అత్తగారు గదిలో అడుగుపెట్టి పరదా వైపు చాలాసేపు చూసింది.

"చాలా బాగుందమ్మా. రాజుల కోటలో ఉన్నట్టుంది" అంది తేనెగొంతుతో.

పరదాలమ్మ పొంగిపోయింది.

వానలు మొదలయ్యాక గదిలో వాసన మొదలైంది. తడి గోనెసంచిని మూలన పడేసి మరిచిపోతే వస్తుందే, అలాంటి వాసన. ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ నోరు మెదపలేదు. అది అత్తగారు మోకాళ్లకు రాసుకునే తైలం వాసనని కోడలు తీర్మానించుకుంది. ఆ గది బీరువాలో కోడలు దాచిన గుడ్డల తానులు ముక్కిపోయి కొడుతున్నాయని అత్తగారు తీర్మానించుకుంది. పెద్దావిడను ఎలా అంటాం అని ఈమె. కష్టపడి పనిచేసే పిల్లను ఎలా అంటాం అని ఆవిడ.

అననైతే అనలేదుగానీ ఊరుకోనూ లేదు. కోడలు ఎవరూ చూడకుండా మూలమూలలా కలరా ఉండలు పెట్టింది. అత్తగారు ఎవరూ చూడకుండా సెంటు సీసా తెప్పించుకుని బీరువా మీద చల్లింది. దాంతో ఆ గదికి వెళ్లినవాళ్లకు పాత వాసన, కొత్త వాసన, వాటి గొడవ, మూడూ కలిపి తగిలేవి. డ్రైవరుగారు ఓ సాయంత్రం తల్లిని పలకరించడానికి వెళ్లి వరసగా తుమ్మాడు.

"ఏంటమ్మా ఇది? ఆస్పత్రిని తెచ్చి సెంటు కొట్లో పెట్టినట్టుంది!"

"ష్‌" అంది తల్లి, తలుపు వైపు చూస్తూ. "నీ భార్య తానులురా నాన్నా. అనకు, నొచ్చుకుంటుంది."

వంటింట్లోకి వెళ్తే భార్య చెవిలో చెప్పింది. "మీ అమ్మగారి తైలమండీ. అనకండి, బాధపడతారు."

పాపం, ఆయన రెండు రహస్యాలూ కడుపులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లాడు. "బస్సులో అంతమందిని కుదుపు లేకుండా దింపుతాను. ఇంట్లో ఇద్దరి మధ్య గేరు మార్చడం మాత్రం నా వల్ల కాదురా బాబూ" అని డిపోలో కండక్టరుతో మొర పెట్టుకున్నాడు.

ఈ మర్యాదలు ఇంకెన్నాళ్లు సాగేవో. ఎక్స్‌ఛేంజీలో పాత స్నేహితురాళ్లు కొందరు ఆ ఊళ్లోనే ఉన్నారు. వాళ్లు ఓ ఆదివారం భోజనానికి రమ్మని అత్తగారిని పిలిచారు. ఆవిడ పొద్దున్నే తయారై, అట్టపెట్టెలో దాచుకున్న మెరూన్ రంగు తోలు చెప్పులు బీరువా అడుగు అరలోంచి తీసింది. మరుక్షణం ఆ ఇంట్లో ఎన్నడూ వినపడని గొంతు వినపడింది. తేనె లేదు, దయచేసి లేదు.

"అమ్మాయ్! ఇలా రా!"

పరదాలమ్మ పరుగెత్తుకొచ్చింది. అత్తగారు చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు చెప్పును ఎత్తి పట్టుకుంది. దాని నిండా ఆకుపచ్చటి నూగు.

"అయ్యో అత్తయ్యా, చెప్పులకు గడ్డం మొలిచిందేంటి!"

"మొలవదూ మరి? నీ తానులు బీరువాలో ముక్కి ముక్కి నా చెప్పుల మీద పడ్డాయి!"

"నా తానులా? పొద్దస్తమానం మీరు పూసుకునే తైలం ఆ గదిలో గాలిని గాలిగా ఉండనిస్తే కదా!"

"తైలమా? నా తైలం వాసనంటున్నావా?"

"ఇన్నాళ్లూ అనలేదు అత్తయ్యా, ఇవాళ అంటున్నాను!"

"నేను కూడా ఇన్నాళ్లూ అనలేదమ్మా!"

ఎవరు ఎవరిని ఎంత ఓర్చుకున్నారన్న దాని మీద పోట్లాట రాజుకుంది. సెలవు కాబట్టి ఇంట్లోనే ఉన్న డ్రైవరుగారు పేపరు మడిచి పక్కన పెట్టి, ఇద్దరి మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి బీరువాకు భుజం ఆనించాడు.

"ముందు దీన్ని జరుపుదాం పట్టండి. వాసన ఎవరిదో అదే చెప్తుంది."

ముగ్గురూ కలిసి తోశారు. బీరువా కిర్రుమంటూ పక్కకు జరిగింది. వెనక గోడ నిండా, సిరాబుడ్డి ఒలికించి అరచేత్తో పులిమినట్టు నల్లటి బూజు. బీరువా వెనక చెక్క కూడా మెత్తబడి, వేలితో నొక్కితే లోపలికి పోయింది. అత్తాకోడళ్లు ఇద్దరూ నోరు తెరుచుకుని నిలబడ్డారు.

"తైలం కాదు" అంది కోడలు సన్నగా.

"తానులూ కాదు" అంది అత్తగారు.

ముందు ఎవరు నవ్వారో తెలియదుగానీ, ఇద్దరూ మంచం మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ రోజు అత్తగారు కోడలి చెప్పులేసుకుని భోజనానికి వెళ్లింది. అవి ఆవిడ పాదాలకు పడవలంత ఉన్నాయి. ముందు వైపు కాగితం ఉండలు కుక్కుకుని, నడిచినంతసేపూ టపటపలాడించుకుంటూ వెళ్లి, ఈ కథంతా స్నేహితురాళ్లకు చెప్పి, వాళ్లనూ నవ్వించి వచ్చింది.

అక్కడితో మొహమాటం సగం తీరింది. బూజు మాత్రం తీరలేదు.

మొదట డ్రైవరుగారు పెద్ద డబ్బా తెల్లరంగు తెచ్చి, గోడకు రెండు పూతలు పూశాడు. గోడ ధగధగలాడింది. పక్షం తిరిగేసరికి కుర్రాడికి నూనూగు మీసం వచ్చినట్టు తెలుపులోంచి నలుపు తొంగి చూసింది.

"గాలి తగలకే ఈ తంటా" అంది అత్తగారు. "మా ఊళ్లో కిటికీలు తెరిచి ఉంచితే తువ్వాలు టీ తాగేలోపు అట్టముక్కలా ఎండేది." సరేనని పొద్దస్తమానం కిటికీలు తెరిచి పెట్టారు. ఆ ఊరి గాలికి ఈ ఊరి గాలికి పోలికేముంది? ఇక్కడ వానాకాలం గాలిని గుప్పిట్లో పట్టి పిండితే నీళ్లు కారేట్టు ఉంటుంది. దుప్పట్లు చల్లగా, జిగటగా అయ్యాయి. బల్ల మీది పంచదార ముద్ద కట్టింది. గోడ ఇంకాస్త నల్లబడింది.

"అయితే చలిలో చచ్చిపోవాలి అది" అని పరదాలమ్మ ఏసీని ఎంత చల్లగా తిరుగుతుందో అంత చల్లగా తిప్పింది. బయట జనం చెమటలు కక్కుతుంటే లోపల అత్తగారు స్వెట్టరు, మేజోళ్లు, తలకు మఫ్లరు చుట్టుకుని కూర్చునేది. చూడటానికి వచ్చిన మనవరాలు "ఏ కొండెక్కడానికి వెళ్తున్నావు నానమ్మా?" అని ఫోటో తీసుకుని మరీ వెళ్లింది. ఇంత చేసినా బూజు చావలేదు సరికదా, గోడను ముట్టుకుంటే చేతికి తడి అంటడం మొదలైంది.

ఆ గుట్టు విప్పింది నీళ్ల సీసా. ఓ మధ్యాహ్నం అత్తగారు ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చుకుని, బల్ల మీద పెట్టి, తాగడం మరిచిపోయి ఆలోచిస్తూ కూర్చుంది. చూస్తుండగానే సీసా ఒంటి నిండా బొట్లు పుట్టి, జారి, బల్ల మీద చిన్న మడుగు కట్టింది. ఆవిడ సీసాను ముట్టుకుంది. లేచి వెళ్లి గోడను ముట్టుకుంది. మళ్లీ సీసా. మళ్లీ గోడ. తర్వాత మెట్ల దగ్గరికి వెళ్లి, పాత ఉద్యోగపు గొంతుతో కిందికి పిలిచింది.

"పరదాల సెక్షన్, దయచేసి పైకి రావాలి. అర్జెంటు కాల్!"

పరదాలమ్మ మెడలో టేపు ఊగుతుండగా పైకొచ్చింది.

"ఈ సీసాకు చిల్లుందా, చూడు."

తిప్పి చూసింది. "లేదత్తయ్యా."

"మరి బయటి నీళ్లు ఎక్కడివి?"

"గాల్లోవి. చల్లటి సీసా మీద గాల్లో తేమ..." అంటూనే పరదాలమ్మ ఆగిపోయింది. గోడ వైపు చూసింది. "అంటే గోడకు లీకు లేదన్నమాట. మనమే గాలిని తడిపి, మనమే గోడను చల్లబరిచి..."

"పాపం, దానికి చెమట పట్టిస్తున్నాం" అంది అత్తగారు.

మర్నాడు పరదాలమ్మ పని మీద గిటార్లు, వయొలిన్లు బాగుచేసే అతని దుకాణానికి వెళ్లింది. అతని కిటికీలకు కొలతలు తీసుకుంటుంటే, గోడకు వేలాడుతున్న గుండ్రటి పరికరం ఒకటి కనపడింది. గడియారంలా ఉంది. కానీ ఒకే ముల్లు.

"ఇదేంటన్నా, గంటలు పోయి నిమిషాలే మిగిలాయా?"

అతను నవ్వాడు. "టైమ్ కాదక్కా, గాల్లో తేమెంతుందో చూపిస్తుంది. నూటికి అరవై దాటితే నా గిటార్లు ఉబ్బుతాయి, అతుకులు ఊడతాయి. యాభై చుట్టుపక్కల ఉంటే హాయిగా పలుకుతాయి."

"గోడలకూ అంతేనా?"

"గోడల సంగతి నాకు తెలియదు. గిటారుకు హాయిగా ఉన్నచోట బూజుకు హాయిగా ఉండదనైతే చెప్పగలను. నా దగ్గర ఇంకోటుంది, పట్టుకెళ్లి చూసుకో."

ఆ ఒంటి ముల్లు పరికరం ఇంటికొచ్చిన రోజు నుంచి అత్తగారికి మళ్లీ ఉద్యోగం వచ్చినట్టయింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. గదిలో ఏది మారినా ముల్లు ఎటు కదిలిందో ఇంటిల్లిపాదికీ ప్రకటించేది. "ఇప్పుడు డెబ్బై ఎనిమిది! ఇందాక వాన వెలిశాక కిటికీ తీసింది ఎవరు? దయచేసి మూసేయాలి!" కొడుకు డ్యూటీ నుంచి రాగానే, బూట్లు విప్పకముందే, ఆటలో స్కోరు అడిగినట్టు "ఎంతమ్మా?" అని అడిగేవాడు.

ఆ ముల్లుకు మొహమాటం లేదు. అదే చిక్కయింది. అత్తగారు పొద్దున వేడినీళ్ల స్నానం చేసి, ఆవిరి పోవాలని స్నానాల గది తలుపు బార్లా తీసి వస్తుంది. ఆవిరి పోవడం నిజమే, పోయేది మాత్రం పడగ్గదిలోకి. ముల్లు ఎగిరి ఎనభై ఎక్కింది. ఆవిడ లోపలి బట్టలు ఉతుక్కుని, బీరువా పిడి నుంచి కిటికీ ఊచకు కట్టిన తాడు మీద ఆరేసుకుంటుంది. ముల్లు దిగనంది.

ఈ సంగతి కోడలు చెప్పలేదు. అత్తగారే తలొంచుకుని చెప్పింది.

"అమ్మాయ్, సగం నీళ్లు నేనే పోస్తున్నట్టున్నాను గోడకు."

"మీ ఊళ్లో ఇవన్నీ చెల్లాయి అత్తయ్యా. ఇక్కడ గాలి అప్పటికే కడుపు నిండా తాగి ఉంటుంది. అయినా బట్టలు డాబా మీద ఎందుకు ఆరేయరు?"

అత్తగారి మొహం ఎర్రబడింది. "డాబా మీదకు నాలుగిళ్ల కిటికీలు చూస్తాయి. నా లంగాలు జెండాల్లా ఎగురుతుంటే ఊరంతా చూడాలా?"

పరదాలమ్మ పడీపడీ నవ్వి, ఆ మధ్యాహ్నమే డాబా మీద నాలుగు గొట్టాలు నిలబెట్టి, చుట్టూ పలచటి గుడ్డ కట్టి, మధ్యలో తీగ బిగించింది. గాలికి అడ్డు లేదు, కళ్లకు అడ్డుంది. అత్తగారు లోపలికి వెళ్లి అటూఇటూ తిరిగి చూసుకుని, "నా లంగాలకు ప్రత్యేకంగా ఓ ఇల్లు కట్టించావు, ఇక నాకేం కావాలి" అంది.

డ్రైవరుగారు స్నానాల గది గోడకు పైన, ఆవిరిని బయటికి లాగే ఫ్యాను బిగించాడు. స్నానమయ్యాక గది తలుపు మూసేసి ఆ ఫ్యానును కాసేపు తిరగనివ్వడం అందరికీ అలవాటైంది. ఏసీని వణికించేంత చల్లగా పెట్టడం మానేశారు. దాని రిమోటు మీద నీటిబొట్టు బొమ్మ ఉన్న బటన్ ఒకటుంది. కొన్న రోజు నుంచి దాని జోలికి ఎవరూ పోలేదు. అది నొక్కి చూస్తే గది చల్లబడటం తక్కువ, ఆరడం ఎక్కువ. బయటి గొట్టం కింద అత్తగారు సరదాకు బకెట్టు పెడితే సాయంత్రానికి అది సగానికి పైగా నిండింది.

"ఇదంతా నా గదిలోదా?" అంది ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని. "ఇన్ని నీళ్లలో పడుకున్నానా నేను? చేపకూ నాకూ తేడా ఏముంది?"

ఈసారి గోడకు తొందరపడి రంగు పూయలేదు. పరదాలమ్మ, భర్త మూతులకు గుడ్డలు కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, ఆ నలుపునంతా సబ్బునీళ్లతో రుద్ది కడిగారు. తుడిచి, ఫ్యాను పెట్టి, బాగా ఆరేదాకా ఆగి, అప్పుడు రంగు వేశారు. బీరువాకు కుళ్లిన చెక్క పీకేసి కొత్తది కొట్టించారు. మళ్లీ గోడకు ఆనించకుండా, వెనక చెయ్యి దూరి కదిలేంత సందు వదిలారు. మంచాన్నీ అలాగే జరిపారు. ముల్లు యాభై అయిదుకు దిగింది. ఇంట్లో పెళ్లి సంబంధం కుదిరినంత సంబరం.

అయినా గదిలో ఎక్కడో ఆ గోనెసంచి వాసన సన్నగా మిగిలే ఉంది.

అది ఎక్కడిదో అత్తగారికి ముందే అనుమానం వచ్చింది. కోడలు కింద పనిలో ఉండగా ముల్లును తీసుకెళ్లి మఖమల్ పరదా వెనక కిటికీ అంచు మీద పెట్టి చూసింది. డెబ్బై అయిదు. చప్పుడు చేయకుండా తెచ్చి మళ్లీ బల్ల మీద పెట్టేసింది. రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగింది. చివరికి కోడలు దుప్పటి మారుస్తుంటే నోరు తెరిచింది.

"అమ్మాయ్, ఒకటి చెప్తాను. కోపగించుకోవు కదా?"

"నాకు కోపమేంటి అత్తయ్యా!"

"పరదా వెనక ఓసారి చూడు."

పరదాలమ్మ పరదా అంచు తిప్పింది. తెల్లటి అస్తరు మీద మిరియాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. పైదాకా, ఈ చివర నుంచి ఆ చివరదాకా. కిటికీకీ ఆ మందపాటి గుడ్డకీ మధ్య గాలి కదిలే దారే లేదు. నేలను తాకిన అంచు తడిని పీల్చి పీల్చి బరువెక్కింది.

గుండుసూదులు కూడా ఆపలేని ఆ నోరు మూతపడింది. దుప్పటి అక్కడే వదిలేసి కిందికి వెళ్లింది. మిషను ముందు కూర్చుని, గుడ్డ పెట్టకుండానే తొక్కుతూ ఉండిపోయింది. ఎన్ని ఇళ్లలో, ఎన్ని పడగ్గదుల్లో తనే వెళ్లి ఇలాంటివి తగిలించి వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోయింది. అంతకన్నా బాధ, ఇది అత్తగారి కోసం మనసు పెట్టి కుట్టినది.

కాసేపటికి మెట్ల మీద నెమ్మదిగా అడుగుల చప్పుడు. మోకాళ్ల నొప్పులతో ఎన్నడూ కొట్లోకి దిగని అత్తగారు మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వచ్చింది. తానుల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"ఉత్త మిషను తొక్కితే దారం తెగదా?"

"తెగితే తెగనివ్వండి."

"నీ పరదాకు వంక పెట్టడం లేదమ్మా. అంత చక్కటి కుట్టు నేనెక్కడా చూడలేదు. ఇంకో మాట కూడా ఉంది. అది చెప్పడానికే దిగాను." ఆవిడ గొంతులో ఉద్యోగపు తేనె లేదు. మామూలు ముసలావిడ గొంతు. "ముప్ఫై ఏళ్లు చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాను. లక్షల గొంతులు విన్నాను. ఒక్క మొహం చూడలేదు. మీ ఇంటికొస్తే గదికి వీధి వైపు కిటికీ ఉందని మావాడు చెప్పాడు. హాయిగా కూర్చుని వచ్చేపోయే మనుషుల మొహాలు చూడొచ్చని సంబరపడ్డాను. వచ్చి చూస్తే..."

"నేను దాన్ని మఖమల్‌తో మూసేశాను."

"ప్రేమగా కుట్టావు. వద్దని ఎలా అనను?"

పరదాలమ్మ మిషను ఆపింది. "అత్తయ్యా, మీ మర్యాదకో దణ్ణం! వచ్చిన రోజే ఆ మాట అని ఉంటే ఈ బూజు, ఈ చెప్పులు, ఈ గోడ, ఏదీ ఉండేది కాదు కదా!"

"నువ్వు మాత్రం? వాసన మొదలైన వారమే నా తైలం గురించి అన్నావా?"

ఆ మాటకు మళ్లీ నవ్వొచ్చింది ఇద్దరికీ. కోడలి కళ్లలో నీళ్లు నిలిచాయిగానీ అవి ఏ కోవకు చెందినవో ఆమెకే తెలియదు.

మర్నాడు పరదాను దింపారు. తడిసిన మఖమల్‌ను ఎండకు వేస్తే ముడతలు పడి, చిక్కిపోయి, ముట్టుకుంటే దుమ్ములా చుక్కలు రాలాయి. ఇక లాభం లేదని పరదాలమ్మే దాన్ని చుట్టి చెత్తబండిలో వేసింది. డ్రైవరుగారు టోపీ తీసి గుండెలకు ఆనించుకుని నిలబడ్డాడు. "మా డిపోలో పాత బస్సును తుక్కుకు పంపేటప్పుడు కూడా ఇలాగే నిలబడతాం" అన్నాడు. నెలకోసారి వచ్చే హాస్యం కనక ఇద్దరూ గౌరవంగా నవ్వారు.

కొత్త పరదాకు గుడ్డ అత్తగారే ఎంచింది. లేత పసుపు నూలు. ఉతికితే పూటలో ఆరిపోయేది. దాన్ని గోడకు కాస్త ఎడంగా పెట్టిన కడ్డీకి, నేలకు జానెడు పైకి ఉండేలా తగిలించారు. పక్కకు లాగితే వీధి మొత్తం గదిలోకి వచ్చేసినట్టుండేది. అత్తగారు అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుని, కొద్దిరోజుల్లోనే ఎవరు ఎన్నింటికి ఆఫీసుకు వెళ్తారో, ఎవరి సైకిలుకు బెల్లు లేదో, ఏ జంట అలిగి ఎడంగా నడుస్తోందో అన్నీ కంఠస్థం చేసింది. దారిన పోయేవాళ్లు తలెత్తి పలకరించడం మొదలుపెట్టారు. సాయంత్రాలు ఆ కిటికీ ఎక్స్‌ఛేంజీ బోర్డు కన్నా హడావిడిగా ఉండేది.

పరదాలమ్మకు మాత్రం మనసు ఊరుకోలేదు. పాత ఖాతాదారుల ఇళ్లకు ఒక్కో ఇంటికే వెళ్లి, "పరదా వెనక ఓసారి చూసుకోనివ్వండి" అని అడగడం మొదలుపెట్టింది. కొందరు విసుక్కున్నారు. ఒకావిడ "కుట్టేటప్పుడు మందం కావాలన్నావు, ఇప్పుడు పలచన అంటున్నావు, నీ మాటకు తలా తోకా ఉందా?" అని మొహం మీదే అడిగింది. "తల నాదే, తోకా నాదే, తప్పు కూడా నాదే. అస్తరు విప్పి ఉతికి ఇస్తాను, ఇలా ఇవ్వండి" అని ఈమె చేతులు చాపింది. బాగున్నచోట బాగున్నాయని చెప్పింది. పొడిగా, ఎండ తగిలే గదుల్లో మందపాటి పరదాలు నిక్షేపంగా ఉన్నాయి మరి. చెమ్మ పట్టినచోట మార్చింది. ఈ పర్యటనలకు, మెట్లు తక్కువున్న ఇళ్లకైతే, అత్తగారు కూడా ముల్లును చేతిసంచిలో వేసుకుని బయల్దేరేది.

అలా ఓ రోజు వీధి చివర టీచరుగారింటికి వెళ్లారు. టీచరమ్మ శుభ్రం అంటే శుభ్రం. గుమ్మంలోనే చెప్పేసింది, "మా పడగ్గదిలో ఏ వాసనా లేదు, చెమ్మా లేదు." ఆవిడ భర్త బ్యాంకులో పనిచేసి రిటైరై ఇంట్లో ఉంటున్నాడు. డాక్టరు తీపి మానమన్నప్పటి నుంచి నీరసంగా కనపడే మనిషి. ఆయన బీరువా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అక్కడ చూడక్కర్లేదండీ. చాలా బరువు. మీ చేతులు నొప్పెడతాయి."

పరదా వెనక శుభ్రంగానే ఉంది. ముల్లు కూడా మంచి మాటే చెప్పింది. అయినా ఆ బీరువా దగ్గర మనిషి కదలకపోవడం అత్తగారికి నచ్చలేదు. లక్షల గొంతులు విన్న చెవులు మరి, ఎక్కడ తొణికిందో పట్టేశాయి.

"దయచేసి ఒక్క నిమిషం పక్కకు జరగగలరా?" అంది.

ఆ గొంతుకు ఎదురు చెప్పగల మనిషి ఇంకా పుట్టలేదు. ఆయన జరిగాడు. టీచరమ్మ, పరదాలమ్మ చెరోవైపు పట్టి బీరువాను ముందుకు లాగారు. గోడ మల్లెపువ్వులా ఉంది. బీరువా వెనక అడ్డపట్టీ మీద మాత్రం వరసగా బిస్కెట్ పొట్లాలు, కొన్ని నిండువి, ఒకటి సగం తిని మూతి మడిచినది.

టీచరమ్మ నడుం మీద చేతులు వేసుకుని మొగుడి వైపు తిరిగింది. ఆయన పైకప్పు వైపు చూశాడు. పరదాలమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తగారు మాత్రం వంగి, మూతి మడిచిన పొట్లంలోంచి ఓ బిస్కెట్ తీసి, కొరికి, కళ్లు మూసుకుని నమిలింది.

"కరకరలాడుతోంది" అంది. "మీ గదికి ఏ ఢోకా లేదు. దాచుకునేవాడికి జాగా కూడా బాగా తెలుసు."